రంపం మూత కేసులో సుక్రు సాక్ష్యం

సుక్రు అరకు లోయలో ఒక సామిల్లులో రంపం మేస్త్రీ. కొటియా గిరిజన కుటుంబంవాడు. ఇంట్లో ఒరియా, మిల్లులో తెలుగు మాట్లాడేవాడు. చక్రపు రంపం తిరిగేటప్పుడు దానిపై ఇనప మూత ఉండాలని చట్టం. కానీ మూత ఉంటే లావు దుంగలు దూరవు. అందుకని ఒకరోజు సుక్రే దాన్ని విప్పి గోడకు ఆనించాడు. యజమాని సర్వేశ్వరరావు చూశాడు, ఏమీ అనలేదు.

ఏడాది అలాగే నడిచింది. 1953 వానాకాలంలో, కోసిన పలక అందుకోబోయిన మిల్లు కూలీ గాసి కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు యజమాని మీద కేసు పెట్టి, సుక్రును సాక్షిగా పిలిపించాడు.

మిల్లు కూలీల యూనియన్ కార్యదర్శి ఆదినారాయణ సుక్రు దగ్గరికి వచ్చి, "మూత యజమానే తీయించాడని సెప్పు. నువ్వు తీసినట్టు ఒప్పుకుంటే కేసు నీ మీదకే తిరుగుతాది" అన్నాడు.

మర్నాడు సర్వేశ్వరరావు పిలిచాడు. "తీసింది నువ్వే కదా సుక్రూ. నాకు తెలీదని ఒక్క మాట చెప్పు. నీ పనికి ఢోకా ఉండదు."

"ఏటి సేత్తావు?" అని భార్య రత్న అడిగింది. సుక్రు లేచి గాసి ఇంటికి వెళ్లాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గాసి అన్నాడు: "నువ్వు తీసినావని నాకు తెలుసు మావా. ఆయన సూసినాడనీ తెలుసు. రెండూ సెప్పు."

కొండ దిగువ కోర్టులో సుక్రు రెండూ చెప్పాడు.

"అయితే తప్పు నీదేనన్నమాట!" అన్నాడు యజమాని ప్లీడరు.

"నా తప్పు నాదే బాబూ. కానీ ఆయన రోజూ పొద్దున్న రంపం పక్కనే నిలబడి దుంగలు సూసేవోరు. మూత గోడకే ఉండీది. పెట్టమని ఒక్కనాడూ అన్నేదు."

మూత మిల్లులో ఉంటే చాలదు, రంపం తిరుగుతున్నంతసేపూ దాని మీదే ఉండాలి, చూసి ఊరుకోవడం యజమాని తప్పే అని మేజిస్ట్రేటు తీర్పు చెప్పి జరిమానా వేశాడు. "నిజం చెప్పావు. నీ మీద కేసేమీ లేదు, వెళ్లు" అన్నాడు సుక్రుతో.

బయటికి రాగానే సుక్రు మెట్ల మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు. ఆదినారాయణ టీ తెచ్చిచ్చాడు. "బేగి తాగు, బస్సెల్లిపోతాది. నా మాట ఇనుంటే ఆ ప్లీడరు మనల్ని నిలువునా సీల్చేసుండును."

ఆ నెలలోనే యూనియన్ వాళ్లూ, మిల్లు యజమానుల సంఘం వాళ్లూ మొదటిసారి ఒకే షెడ్డులో కూర్చున్నారు. తీర్పు చదివించారు. తెలుగు సరిగా రానివాళ్లకు సుక్రు ఒరియాలో చెప్పాడు. యూనియన్ అప్పటిదాకా పెట్టిన అర్జీల్లో రంపం ఊసే లేదని ఆదినారాయణ ఒప్పుకున్నాడు.

"అదే మూత బిగిత్తే మళ్లీ ఇప్పేత్తాం," అన్నాడు సుక్రు. "లావు దుంగొత్తే పైకి లేసేటట్టు సేయించండి."

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు సర్వేశ్వరరావు.

"తవరు అడగనేదు బాబూ."

సర్వేశ్వరరావు అక్కడికే కమ్మరిని పిలిపించాడు. వారంలో కొత్త మూత అమరింది. చెయ్యి మానాక గాసి దుంగలు కొలిచే పనిలో చేరాడు. మొదటిరోజు ఎడమచేత్తో మూతను ఎత్తి దింపి చూశాడు. సుక్రు ఏదో అనబోతే, "సాల్లే మావా, దుంగెట్టు" అన్నాడు.

మరుసటి ఏడు పాడేరు వైపు ఇంకో మిల్లుకు, పైకి లేచే మూత ఒకటి చేయించి ఇచ్చి, బిగించి రమ్మని సుక్రును రెండు సంఘాలూ కలిసి పంపాయి. అక్కడి మేస్త్రీ విసుక్కున్నాడు. "ఇక్కడ ఎవలికీ ఏటీ అవనేదు కదా?"

"అందుకే ఇప్పుడొచ్చినాను," అన్నాడు సుక్రు.

సాయంత్రానికి అక్కడి రంపానికీ మూత పడింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆన్చి, అరకు వచ్చేదాకా సుక్రు హాయిగా నిద్రపోయాడు.