తీగ మీద ఆరు ముక్కలు

ముందు చొక్కా సంగతి రాయి, లారీ సంగతి తర్వాత. నా మాటల్ని చదివేవాళ్ళకు తెలిసేలా కాస్త సాపు చెయ్యి. కానీ ఏదీ కొట్టెయ్యకు.

నా కొడుకు, అదే మీ నాన్న, పోయాక వాడి బట్టలన్నీ చర్చిలో పంచిపెట్టమని ఇచ్చేశాను. ఒక్క నీలిగళ్ళ చొక్కా మిగిలింది. గుర్తుగా దాచుకున్నానని అనుకోకు. ఉతకడానికి నానబెట్టి మరిచిపోయాను, అందుకే మిగిలింది.

రుద్రారంలో మన ఇంటి పక్క మీ తాత రేకుల షెడ్డు ముందు వాడి లారీ ఏడాది పాటు కదలకుండా నిలబడింది. గడ్డపోతారం ఫ్యాక్టరీలకు డ్రమ్ములు మోసిన బండి అది. వాడు ఇంటికొస్తూ మలుపు దగ్గర హారన్ రెండుసార్లు కొట్టేవాడు. కూర వేడి చెయ్యమని. ఊరందరినీ లేపుతున్నావురా అని ఎన్నిసార్లు తిట్టానో.

నడిపే మనిషి లేని బండిని ఎన్నాళ్ళని ఉంచుకుంటాం? సదాశివపేట నుంచి ఒకాయన కొంటానన్నాడు. ఇంజన్ బోరుకొచ్చింది, అంటే లోపల అరిగిపోయింది కాబట్టి, మొత్తం విప్పి కొత్తగా చేసి, తన కళ్ళ ముందు స్టార్ట్ చేసి చూపించాలన్నాడు. మీ తాత ఎన్నో ఏళ్ళు మెకానిక్ పని చేశాడు కదా. కళ్ళు మసకబారాక మానేశాడు. అయినా ఈ ఇంజన్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

ఇంజన్ విప్పినప్పుడు గాలి పీల్చే రంధ్రాల్లో దుమ్ము పడకుండా గుడ్డలు కుక్కుతారు. బనియన్ ముక్కలైతే దారాలు ఊడి లోపల పడతాయట.

"ఏమే, గట్టి బట్టేదన్న ఉంటే ఇయ్యి," అన్నాడు.

"వాని అంగి ఒకటున్నది."

చేతిలో పానా అటూ ఇటూ తిప్పాడు. "వాని బండే గదా. తే."

నేనే చింపాను. ఆరు రంధ్రాలకు ఆరు చిన్న ముక్కలు. ఏడోది వీపు ముక్క, పెద్దది, గాలి వచ్చే లావు గొట్టం మూతికి. పని అయ్యేకొద్దీ ఆయన తీసి విసిరేస్తే, నేను ఉతికి తీగ మీద ఆరేశాను. అప్పుడు లెక్క చూసుకోలేదు.

స్టార్ట్ చేసే రోజు పొద్దున్నే కొనేటాయన వచ్చి ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. మనం చర్చికి పోయేవాళ్ళం కదా, నేను మీ తాత వైపు చూశాను.

"ఉండనియ్యే, నిమ్మకాయతోని నాకేం పగ?" అన్నాడు.

పక్క షెడ్డు మెకానిక్ క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాడు. ఇంజన్ తిరిగింది కానీ అంటుకోలేదు.

"డీజిల్ లైన్ల గాలి పట్టింది," అన్నాడు మీ తాత. పైపుల నట్లు వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిల్ కారనిచ్చి మళ్ళీ బిగించాడు. "ఇప్పుడు కొట్టు సెల్ఫ్!"

ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. బ్యాటరీ దిగిపోతే ఇంకోటి తెచ్చారు.

"మామా, టైమింగ్ తప్పినట్టున్నది. మల్ల మొత్తం ఇప్పాలె," అన్నాడు పక్క షెడ్డు మెకానిక్. "బండికి గాదు, నీకు జెయ్యాలె బోరు పని."

కొనేటాయన నవ్వాడు. "నాకు గంత టైం లేదు పెద్దాయనా. మధ్యాహ్నం దాక సూస్త. కాకుంటే నా నిమ్మకాయలు నేను తీస్కపోత."

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నేను ఎందుకో తీగ వైపు చూశాను. ఆరు ముక్కలే ఉన్నాయి. వీపు ముక్క లేదు.

ఇది కూడా రాయి. నేను చెప్పలేదు. ఇంజన్‌కు గాలి అందడం లేదని నాకు తెలిసిపోయింది. మెకానిక్ పెళ్ళాన్ని, ఆ మాత్రం తెలియదా? నోరు మూసుకుంటే కొనేటాయన వెళ్ళిపోతాడు, మీ నాన్న లారీ ఇంటి దగ్గరే ఉంటుంది. టీ ఇచ్చాను. గ్లాసులు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

బయటికొస్తే మీ తాత టైరుకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. "ఇగ నాతోని కాదు," అన్నాడు, నూనె చేతులు చూసుకుంటూ. "వాని బండి నేనే ఖరాబు జేసిన."

ఆ మాట పడలేకపోయాను.

"ఇగో, గా లావు గొట్టం ఇప్పి సూడు. అంగి ముక్క ఒకటి వాపసు రాలే."

విప్పి, లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. నీలిగళ్ళ గుడ్డ ఉండ చుట్టుకుని వచ్చింది. మూతి దగ్గర పెట్టింది లోపలికి జారిపోయింది, ఆయన కళ్ళకు ఆనలేదు.

గొట్టం బిగించి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. షెడ్డంతా పొగ. "ఉస్తాద్ ఉస్తాదే!" అని పక్క షెడ్డు మెకానిక్ ఈల వేశాడు. మీ తాత నవ్వలేదు. పిల్లవాడికి జ్వరం చూసినట్టు ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

కొనేటాయన నిమ్మకాయలు తొక్కించుకుంటూ బండి తీసుకుపోయాడు. మలుపు దగ్గర హారన్ కొట్టలేదు. ఎందుకు కొడతాడు?

అప్పుడు అడిగాడు మీ తాత. "నీకు ఎప్పుడు ఎర్కైంది?"

"చాయ్ తెచ్చినప్పుడే."

తిడతాడనుకున్నాను. ఆ గుడ్డను మోకాలి మీద పరిచి సాపు చేస్తున్నాడు.

"ఇంకో గంట ఊకుండకపోతివే," అన్నాడు.