పంచె మడతలో రేడియో

ఒక వస్తువు కొనడానికి నేను జీవితంలో నిజంగా కష్టపడ్డానంటే అది ఆ చిన్న డిజిటల్ రేడియో కోసమే. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి చెప్పిందే ఇటుక, మేస్త్రి చెప్పిందే సిమెంటు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కాఫీ చల్లారేలోపు సరేననేశాను. అరచేతిలో ఇమిడే ఆ రేడియో కోసం మాత్రం రెండు నెలలపాటు రాజమండ్రి దుకాణాలన్నీ కాళ్ళరిగేలా తిరిగాను.

మేం కొవ్వూరులో ఉండేవాళ్ళం. నా ఉద్యోగం జంగారెడ్డిగూడెంలో, ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగిరీ. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బస్సులోనే గడిచేవి. సెల్‌ఫోన్లు ఇంకా మాలాంటివాళ్ళ చేతుల్లోకి రాని రోజులవి. ఇంట్లో ఉన్న పాత రేడియోని బస్సులోకి తీసుకెళ్తే, కొయ్యలగూడెం దాటే దాకా ఒక్కో గోతికి దాని ముల్లు ఒక్కో స్టేషనుకి జరిగేది. వార్తలతో మొదలుపెడితే పాటల్లోకి, పాటల్లోంచి ఒట్టి గురగుర చప్పుడులోకి పోయేది. పక్కసీటు వాళ్ళు విసుక్కునేవారు. వాళ్ళకన్నా నేనే ఎక్కువ విసుక్కునేవాణ్ణి, నా స్వభావమే అంత.

అందుకని కొత్తది కొనాలనుకున్నాను. బస్సు కోసమేనని ఇంట్లో చెప్పాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. అసలు సంగతి ఏంటంటే నేను క్రికెట్ అంటే చెవి కోసుకునేవాణ్ణి, ఆ చలికాలమంతా మ్యాచ్‌లున్నాయి.

కోటగుమ్మం దగ్గర ఫారిన్ సరుకులమ్మే చిన్న షాపు ఒకటి ఉండేది. ఆ షాపాయన అద్దాల బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి గల్లాబల్ల మీద పెట్టడం, నేను దానికో వంక పెట్టడం. ఒకటి ముచ్చటగా ఉంది కానీ ఎఫ్ఎమ్ మాత్రమే పలుకుతుంది, నాకు కామెంటరీ వచ్చే మీడియం వేవ్ కావాలి. ఇంకొకటి రెండూ పలుకుతుంది గానీ చక్రం తిప్పేది, నాకు అంకెలు కనపడాలి, నొక్కితే స్టేషను కదలకుండా కూర్చోవాలి. మరొకదానికి అన్నీ ఉన్నాయి గానీ లాకు లేదు, జేబులో ఏ మీట నొక్కుకుపోతుందోనని నా భయం.

"ఏంటి సార్, రేడియో కొంటున్నారా, పిల్లకి సంబంధం చూస్తున్నారాండీ?" అన్నాడు షాపాయన నాలుగోసారి వెళ్ళినప్పుడు.

చివరికి ఒకటి దొరికింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, బూడిదరంగు, పక్కన లాకు, ఒక్క చెవికే పెట్టుకునే సన్నటి తీగ. ఆయన దాన్ని నా జేబులో పెట్టి, తీగ చొక్కా లోపలినుంచి పైకి తెచ్చి చూపించాడు.

"మీడియం వేవ్‌కి ఏరియల్ లోపలే ఉంటదండి. సరిగ్గా రాకపోతే సెట్టుని కాస్త అటూ ఇటూ తిప్పండి. ఇది పెట్టుకుని గుళ్ళో కూర్చున్నా ఎవరికీ తెలీదండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇక్కడ మా ఆవిడ మొక్కు గురించి చెప్పాలి. అంతకు మూడేళ్ళ క్రితం నాకు పచ్చకామెర్లు వచ్చి, ముదిరి, రాజమండ్రి ఆసుపత్రిలో మూడు వారాలు ఉన్నాను. మొదటి వారం నాకు తెలివి లేదు. డాక్టరు మా మామగారిని పక్కకి పిలిచి ఏదో చెప్పడం, ఆయన అలాగే గోడకి ఆనుకుని ఉండిపోవడం మా ఆవిడ వరండాలోంచి చూసిందట. నన్ను ఇంటికి పంపిస్తే ఇద్దరం అన్నవరం వచ్చి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుంటామని అక్కడే నిలబడి మొక్కుకుంది. నేను ఇంటికి వచ్చాను. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదటి ఏడు ఒంట్లో నీరసం అన్నాను. రెండో ఏడు దాయాదుల ఇంట మైల వచ్చింది, అది నా తప్పు కాదు. మూడో ఏడు నీరసమూ లేదు, మైలా లేదు, వెళ్దాం వెళ్దామంటూ నేనే తాత్సారం చేశాను. ఆవిడ సాధించే మనిషి కాదు. కార్తీకమాసం వచ్చే ముందు మాత్రం, "ఈసారి వెళ్దామాండీ?" అని ఒక్కసారి అడిగేది. అయితే నాకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా చాలు, నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కంటి రెప్ప కిందికి లాగి పసుపు తిరిగిందేమోనని చూసేది. మొక్కు తీరనంతకాలం ఆ జబ్బు మా గుమ్మం బయటే కాచుకుని ఉందని ఆవిడ నమ్మకం. నాకు అది చాదస్తంలా అనిపించేది, నవ్వేవాణ్ణి కూడా.

ఆ ఏడు సరేనన్నాను. కార్తీకంలో ఒక ఆదివారం అనుకున్నాం. ఆవిడ నా పట్టుపంచె ఉతికి ఇస్త్రీ చేయించింది, వారం ముందే రైలు టైము కనుక్కుంది. ఆ తర్వాత పేపర్లో చూసుకుంటే సరిగ్గా ఆ ఆదివారమే వన్డే మ్యాచ్. వాయిదా వేద్దామని అడగడానికి మూడుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగే మొహం లేక ఊరుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది షాపాయన అన్న మాట.

తెల్లారగట్ల బయల్దేరాం. ఆవిడ ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రైల్లో నా వైపు వంగి, "మనం దేనికి చేసుకుంటున్నామో పంతులుగారు అడిగితే మీరే చెప్పాలంటండి. ఆడవాళ్ళు మొగుడి చెయ్యి ముట్టుకుని కూర్చోడమేనంట" అంది.

"ఏం చెప్పాలి?"

"ప్రాణం దక్కించినందుకని చెప్పండి. అదొక్కటీ మర్చిపోకండేం."

సరేనన్నాను. కొండ కింద దిగాక ఆవిడ మెట్లమీదుగా నడిచి వస్తానంది, అదీ మొక్కేనట. నేను మోకాళ్ళ నొప్పులని చెప్పి బస్సెక్కాను. అంతకు ముందు నాకెప్పుడూ మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. ఆవిడ పైకి వచ్చేలోపు పంచె కట్టుకుని, రేడియో నడుము దగ్గర మడతలో దోపి, తీగ వీపు మీదుగా తెచ్చి కండువా కిందనుంచి ఎడమచెవిలో పెట్టుకున్నాను. స్టేషను దొరికాక లాకు వేశాను. ఆవిడ కూర్చునేది కుడిపక్కన కాబట్టి ఎడమచెవి కనపడదని లెక్క. అంత ఆలోచన నేను ఆఫీసు ఫైలు మీద ఎన్నడూ పెట్టలేదు.

ఆవిడ చెమటతో, రొప్పుతూ, మొహం నిండా సంతోషంతో వచ్చింది. "నాలుగైదు చోట్ల ఆగానంతేనండి" అంది.

వ్రతమండపంలో జంటలన్నీ వరసలు వరసలుగా కూర్చున్నాం. ఒక పంతులుగారు మైకులో చెబుతుంటే, మరికొందరు వరసల మధ్య తిరుగుతూ చేయించేవారు. నా ఎడమపక్క ఉప్పాడ నుంచి వచ్చిన చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. కొడుకూ కోడలూ పీటల మీద కూర్చుంటే, తల్లి వాళ్ళ వెనక కూర్చుని అన్నీ సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసుకుంటోంది. మా ఆవిడ నాలుగు వేళ్ళు నా కుడిచేతి మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

నేనలా కూర్చుంటే కామెంటరీ సరిగ్గా రాలేదు. మెల్లిగా ఈశాన్యం వైపు తిరిగాను, వచ్చింది. పంతులుగారు తూర్పు వైపు చూడమన్నారు, పోయింది. మళ్ళీ తిరిగాను. ఆట మంచి పట్టులో ఉంది. చేతులు అక్షింతలు వేస్తున్నాయి, నీళ్ళు వదులుతున్నాయి, అందరూ ఏది చేస్తే అది చేస్తున్నాను. మనసు మాత్రం మైదానంలోనే ఉంది.

సంకల్పం దగ్గరికి వచ్చారు. ఒక పెద్దవయసు పంతులుగారు వరసలో ఒక్కొక్కరినీ గోత్రం, పేర్లు, కోరిక అడుగుతూ వస్తున్నారు. ఆయన నా ముందుకొచ్చి అడిగారట. రెండోసారీ అడిగారట. నేను ఆయన మొహంలోకే చూస్తున్నానుగానీ చెవిలో బంతి గాల్లో ఉంది, దాని కింద ఇద్దరు ఫీల్డర్లు పరిగెడుతున్నారు. మా ఆవిడ నా చెయ్యి కదిపింది.

నేను ఆ చెయ్యి విదిలించుకున్నాను. "ఉండు" అన్నాను, కసురుతూ.

అప్పుడే పంతులుగారికి తీగ కనపడింది. వంగి చూసి, నా మీద కోపం రావలసిన మనిషి, జాలిగా మా ఆవిడ వైపు తిరిగారు.

"చెవి మిషనా అమ్మా? అబ్బాయికి వినపడదా?"

ఆవిడ ముందుకు వంగి తీగని చూసింది. అది నా కండువా కిందనుంచి నడుము దాకా పోవడం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. చుట్టుపక్కల నాలుగు వరసల వాళ్ళు మా వైపే చూస్తున్నారు. నేను నిజం చెప్పాలంటే అదే సమయం. కండువా తీగ మీదికి లాక్కున్నాను.

"అవునండి" అంది మా ఆవిడ. "ఒక చెవి బొత్తిగా వినపడదండి."

కుడిచెవితో ఆ మాట స్పష్టంగా విన్నాను. తల తీసేసినట్టయింది.

"పర్వాలేదమ్మా, స్వామికే చెప్పుకుందాం" అని ఆ పెద్దాయన నా పక్కనే చతికిలబడ్డారు. గోత్రం, పేర్లు ఆవిడ దగ్గర కనుక్కుని, నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా పలికారు, నేనూ గట్టిగా పలికాను. సంకల్పంలో 'కర్ణరోగ నివారణార్థం' అని తనే చేర్చారు. దేనికి చేసుకుంటున్నారని ఇక అడగలేదు. ఆయనకి తెలిసిపోయింది కదా. ఆవిడ పెదవులు ఏదో చెప్పబోయినట్టు కదిలి ఆగిపోయాయి. మూడేళ్ళుగా దాచుకున్న ఆ ఒక్క మాట చెప్పడానికి ఆ మండపంలో మాకు చోటు లేకుండా పోయింది. మళ్ళీ నా చేతిమీద వేళ్ళు ఆనించింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

చెవి మిషను కాబట్టి తీగ తియ్యడానికి లేదు. రేడియో కట్టేద్దామని మడతలో తడిమితే లాకు పడి ఉంది. నేను నడుము దగ్గర సతమతమవుతుంటే, వెనకున్న ఉప్పాడావిడ, "మిషను సరిసేసుకుంటన్నాడు పాపం" అంది కోడలితో. దాంతో చెయ్యి తీసేశాను. కథ పూర్తయ్యేదాకా, హారతి అయ్యేదాకా ఆ స్కోరు నా చెవిలో పడుతూనే ఉంది. ఇంకా సిగ్గుచేటైన సంగతి చెబుతాను. అంత అవమానంలోనూ, రెండు వికెట్లు పడ్డప్పుడు నాకు తెలిసింది, అయ్యో అనుకున్నాను.

హారతి కళ్ళకద్దుకున్నాక ఆ ముసలావిడ లేచి వచ్చి, తన చేతులు నా రెండు చెవులకీ అద్ది, స్వామి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "మా ఊళ్ళో ఒకాయనకి ఇలాగే పోయి మళ్ళీ వచ్చింది బాబూ, నువ్వేం బెంగెట్టుకోకు" అని ఊరంతా వినేలా చెప్పింది. తల్లో పువ్వు తీసి మా ఆవిడకి పెట్టింది. మా ఆవిడ వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను తల ఊపాను, ఎంత బాగా ఊపానంటే చెవిటివాడే అనుకోవాలి ఎవరైనా.

రైల్లో కూడా ఆ ఉప్పాడవాళ్ళు మా పెట్టెలోనే ఎక్కారు. పిఠాపురంలో వాళ్ళు దిగేదాకా తీగ చెవిలోనే ఉంచుకుని కూర్చున్నాను. ఎప్పుడో లాకు తీసి కట్టేశాను, అందులో ఏ చప్పుడూ లేదు. మా ఆవిడ ప్రసాదం పొట్లం విప్పి, ముందు నాకు పెట్టి, తర్వాత తను తింది. ఆ రోజుకి ఆవిడ తిన్న మొదటి ముద్ద అది.

వాళ్ళు దిగిపోయాక తీగ పీకేశాను. తప్పయిందని చెప్పాలని నాకు తెలుసు. చెప్పి ఉంటే ఇవాళ ఇదంతా రాసే పని ఉండేది కాదేమో. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"అందరి ముందూ నన్ను చెవిటివాణ్ణి ఎందుకు చేశావ్?" అన్నాను.

ఆవిడ పొట్లం ఆకు మడిచి సంచిలో పెట్టుకుంది.

"మరేం చెప్పమంటారండి? అంతమందిలో మావారు క్రికెట్ వింటున్నారని చెప్పనా?" అంది. కాసేపటికి, గొంతు తగ్గించి, "సత్యదేవుడి ముందు అబద్ధమాడాను. ఆడింది నేనేనండి, మీరు కాదు. ఏదన్నా తగిలితే నాకే తగలాలని, మీ జోలికి రావద్దని హారతప్పుడు దణ్ణం పెట్టుకున్నాను" అంది.

బండి సామర్లకోటలో ఆగి ఉంది. ఇంజను చప్పుడు లేదు, నా చెవుల్లో ఏమీ లేదు. ప్రతి మాటా వినపడింది. నేను వినపడనట్టే కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూస్తూ కూర్చున్నాను.