పునీతుడికి బంగారు పరంజా

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నా కుడి మోకాలు ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు. కూర్చుంటే చాలు, బల్ల కింద గడగడా ఊగేది. పక్క సీట్లవాళ్లు తమ ఫోనే మోగుతోందనుకుని జేబులు తడుముకునేవాళ్లు. దీనికంతటికీ కారణం బెంచి. (అంటే కూర్చునే బల్ల కాదండి. ఉద్యోగం ఇచ్చి, మెడలో ట్యాగ్ వేసి, పని మాత్రం ఇవ్వకుండా ఉంచడాన్ని మా ఐటీ వాళ్లు అలా అంటారు.) పొద్దున్నే మియాపూర్ హాస్టల్లో ఇడ్లీ మింగి, కొంపలు మునిగినట్టు హైటెక్ సిటీకి పరుగెత్తుకొచ్చి, చేసేదేమీ లేక క్యాంటీన్‌కీ లిఫ్టుకీ మధ్య తిరుగుతుండేదాన్ని. డిసెంబరు ఆఖరులోగా ఏ ప్రాజెక్టులోనూ పడకపోతే ఇంటికి పంపించేస్తామని హెచ్చార్ అమ్మాయి ఎంతో తీయగా చెప్పింది. ఇల్లంటే కాకినాడ. అక్కడ మా నాన్నగారు కనిపించిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి లేకపోతే ఆ ప్రాజెక్టు నడవదండి" అని చెప్పేసి ఉన్నారు. ఏ ప్రాజెక్టో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. ఇక మోకాలు ఊగక ఏం చేస్తుంది?

మా ఆఫీసుల్లో పండగొస్తే బే డెకరేషన్ పోటీ పెడతారు. ఏ టీము కూర్చునే వరుసను ఆ టీము అలంకరించుకోవాలి. కోడ్ రాయమంటే తలనొప్పి అనేవాళ్లు కూడా థర్మకోల్ కోయమంటే అన్నం మానేసి కూర్చుంటారు. ఆ ఏడు క్రిస్మస్ పోటీ వారంలోనే మా పై అంతస్తు టీముకి యూరప్ నుంచి క్లయింటు వస్తున్నాడు. ఆ టీము మేనేజరుని అందరం చాటుగా అర్జెంటు గారు అనేవాళ్లం. గుంటూరు వైపు మనిషి. మెయిళ్లే కాదు, టీ కూడా అర్జెంటుగానే తాగేవారు. ఆయనకో ఆలోచన వచ్చింది. క్లయింటు గారి ఊళ్లో పాత కేథడ్రల్ చర్చి ఉంది, అందులో ఒక పునీతుడికి, అంటే వాళ్ల సెయింటుకి, ప్రత్యేకంగా చిన్న ప్రార్థనాలయం ఉంది. దాన్ని అచ్చుగుద్దినట్టు మన బేలో కట్టేస్తే? ఏదో వంక చెప్పి ఆయన దగ్గర్నుంచే ఒక ఫోటో తెప్పించారు. టీములో వాళ్లందరికీ పని పీకల దాకా ఉంది. "బెంచి మీద ఎవరైనా ఉన్నారా?" అని ఆయన మా అంతస్తుకి వచ్చి అడిగేసరికి నేను కుర్చీలోంచి గెంతినంత పని చేశాను. దీంతో ఈయన మనసు గెలిస్తే టీములోకి లాగేసుకుంటారని నా ఆశ.

ఫోటో కాస్త మసకగా ఉంది గానీ, ఏం అందమండీ! నీలి రంగు కప్పు మీద బంగారు చుక్కలు, మెలి తిరిగిన పాలరాతి స్తంభాలు, రంగురంగుల గాజు కిటికీ. మధ్యలో తెల్లగడ్డం పునీతుడు, అరచేతిలో బుల్లి పడవ. సముద్రం మీదికి వెళ్లేవాళ్లను కాపాడతాడట. కాకినాడ పిల్లని కదా, చూడగానే మా వాడనిపించాడు. అయితే ఆయన ముందు నేల నుంచి కప్పు దాకా అడ్డంగా నిలువుగా ఏవో గొట్టాలున్నాయి, కొవ్వొత్తుల వెలుగులో తళతళలాడుతూ. ఒక పక్క ఆకుపచ్చని వల తెర.

నాకు సాయంగా టీములోంచి పుప్పాలగూడ అన్నని ఇచ్చారు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, ఏటా వాళ్ల గల్లీ వినాయకుడి మండపం ఆయన చేతి మీదే లేస్తుంది. ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెల్లె, గీ గొట్టాలేంది? పరంజా లెక్కున్నది."

"దేవుడి ముందు పరంజా ఎందుకుంటుంది అన్నా? వాళ్ల శైలి అయ్యుంటుంది."

"గంతేనేమో. మా దిక్కు యాడ జూసినా బిల్డింగులే, గీ కట్టెలే. సూసీ సూసీ నా కండ్లకు దేవుని ముంగట గూడ గవే కనవడుతున్నయేమో. ఛోడో."

అయినా నాకు మనసొప్పక అర్జెంటు గారిని అడిగాను. ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు.

"ఫోటో ఎవరు పంపారమ్మా?"

"క్లయింటు గారండి."

"క్లయింటు పంపినదాన్ని ఏమంటాం?"

"రిక్వైర్‌మెంట్ అండి."

"రిక్వైర్‌మెంట్ ఉన్నదున్నట్టు చేస్తామా, మన తెలివి కలుపుతామా?"

"ఉన్నట్టే చేస్తామండి."

"మరింకేంటి? కానివ్వు, అర్జెంటు."

కానిచ్చాం. మూసాపేటలో ప్లాస్టిక్ పైపులు కొని, ఒక్కోదానికీ బంగారు కాగితం ముడత పడకుండా చుట్టాను. ఆకుపచ్చ వల కోసం అన్న తన ఇంటి పక్కన లేస్తున్న అపార్టుమెంటు మేస్త్రీని అడిగి ఒక ముక్క తెచ్చాడు. (ఆ వల అక్కడ దేనికి కట్టారో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి!) థర్మకోల్ స్తంభాలకు పాలరాతి చారలు గీశాను, జిలేటిన్ కాగితాలతో కిటికీ అతికించాను. బట్టల దుకాణం నుంచి కిరాయికి తెచ్చిన బొమ్మకు దూది గడ్డం పెట్టి, ముఖం నేనే దిద్దాను. నేను ఏ ముఖం వేసినా కళ్లు చెవుల దాకా వస్తాయి. పైగా మరీ ముద్దొచ్చేసరికి, చెయ్యి ఊరుకోక, బుగ్గ మీద నల్లగా దిష్టిచుక్క పెట్టేశాను. కప్పుకి అంటించిన బంగారు చుక్కలే పీకి మళ్లీ అంటిస్తూ, స్టూలు ఎక్కుతూ దిగుతూ ఉంటే అన్న మొత్తుకున్నాడు. "జర ఒక్కకాడ నిలవడు చెల్లె, స్టూలు గూడ పరేషానైతున్నది!"

క్లయింటు వచ్చిన రోజు నా మోకాళ్లు రెండూ ఊగుతున్నాయి. నెత్తి నెరిసిన పొడుగాటి మనిషి, నుదుట మనవాళ్లు పెట్టిన బొట్టుతో లోపలికొచ్చాడు. మా పునీతుడి ముందు నిలబడ్డాడు. గొట్టాన్ని వేలితో తట్టాడు. వలను పట్టుకు చూశాడు. అర్జెంటు గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఈ పైపులు పెట్టిందెవరు?" అని అడిగాడు క్లయింటు. అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. అయిపోయింది, ఇక కాకినాడ రైలే అనుకున్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. బే గోడ పట్టుకుని, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. అది పరంజాయేనట! పైకప్పు పాడైతే బాగు చేయడానికి ఆయన చిన్నప్పుడు కట్టారట, పని సాగుతూనే ఉందట. నేల చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన మాత్రం నవ్వు ఆపి, నెమ్మదిగా అన్నాడు. "మా అమ్మ ఇప్పటికీ ఈ పైపుల సందులోంచే ఆయన్ని చూసి దండం పెట్టుకుంటుంది. నా పెళ్లి ఫోటోల్లోనూ ఇవే. మీరు ఇవి తీసేసి కట్టుంటే, ఇదేదో వేరే ఊరి గుడి అనుకునేవాణ్ని." మళ్లీ బుగ్గ మీది చుక్కకేసి చూసి ఇదేమిటన్నాడు. దిష్టి తగలకుండా అన్నాను. "అమ్మకి చెప్పాలి" అంటూ దాన్ని దగ్గరగా ఫోటో తీసుకున్నాడు.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "ఈ అమ్మాయి మీ టీములో ఏం చేస్తుంది?"

బెంచి మీద పిల్లతో పని చేయించామని క్లయింటుకి ఎవరైనా చెబుతారా? అర్జెంటు గారు "టెస్టింగ్ అండీ, మా టెస్టింగ్ అంతా ఈ అమ్మాయే" అనేశారు. అనేశాక ఆ మాట నిలబెట్టుకోక ఆయనకి తప్పలేదు. ఆ సాయంత్రమే నా పేరు ప్రాజెక్టులోకి ఎక్కింది. ఫోను చేస్తే మా నాన్నగారు "నేను ఎప్పటినుంచో చెబుతున్నదే కదమ్మా" అన్నారు. (పోటీలో మాత్రం మాకు ఏమీ రాలేదు. కింది అంతస్తు వాళ్ల దూది మంచు ఇల్లు గెలిచింది. పుప్పాలగూడ అన్న ఇప్పటికీ ఒప్పుకోడు.)

మొన్న ఆ పెద్దాయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. మరమ్మతు పూర్తయిందట, పరంజా తీసేశారట. పునీతుడు నిండుగా, పడవతో సహా మెరిసిపోతున్నాడు. పైన చుక్కలు నేను కత్తిరించిన వాటికన్నా ఎన్నో రెట్లు నాజూగ్గా ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఎందుకో దిగులేసింది. వెంటనే అన్నకి ఫోను చేశాను.

"అన్నా, గొట్టాలు తీసేశారు."

"అయ్యో! ఇగ ఆయనెట్ల గుర్తువడ్తడు చెల్లె?"

ఇద్దరం నవ్వుకున్నాం. ప్రాజెక్టు ఒక్కటి దొరికితే చాలు, జీవితాంతం కుదురుగా కూర్చుంటాననుకునేది బెంచి మీది ఆ పిచ్చిపిల్ల. ఇప్పుడు నా కింద ఒక టీము ఉంది, మోకాలు మాత్రం ఈ మాట రాస్తున్నప్పుడూ ఊగుతోంది. కొత్త ఫోటోను భద్రంగా దాచాను. నా కంప్యూటరు తెర మీద మాత్రం మా థర్మకోల్ పునీతుణ్నే పెట్టుకున్నాను. గొట్టాల వెనక స్టూలు మీద, చేతిలో ఇంకా అంటించని చుక్కతో, ఆ పిల్ల కూడా ఉంది అందులో.