వెనక్కి జరిగిన నీలిగీత

బెండకాయలు తరిగిన వేళ్లను విడదీస్తే సన్నని జిగురుతీగ సాగి, తెగి, వెనక్కి ముడుచుకుంటుంది. రోజూ చూసేదే. అయినా ఈ ఉదయం కత్తిపీట ముందు నా చెయ్యి ఆగిపోయింది. మా మేడమ్ గుర్తొచ్చారు.

నా చేత పరిశోధన చేయించిన మెహరున్నీసా మేడమ్‌ది ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. తాడేపల్లిగూడెంలోని మా కాలేజీకి రోజూ రైల్లో వచ్చేవారు. మొదటిరోజే టిఫిన్ డబ్బాలోంచి బెండకాయ తీసి విరిచి, "కొల్లేటి నీళ్లు ఉప్పుటేరులో ఇరుకున పడ్డా ముందుకే పోతాయమ్మా. ఈ జిగురు అలా కాదు. ఎంత సాగినా దాని పాత రూపం దానికి గుర్తుంటుంది" అన్నారు. అలాంటి ద్రవం వెడల్పు కాలువలోంచి ఇరుకులోకి దూరేటప్పుడు మూలల్లో సుడులు ఎందుకు పెరుగుతాయన్నదే నా పరిశోధన. మిక్సీలో తిప్పితే అందులోని పొడవాటి అణువులు తెగిపోయి ఆ గుణమే పోతుంది. అందుకని మేడమ్ ఆ ద్రవం కోసం పాలిమర్ పొడిని నీళ్లలో చల్లి, గరిటెతో నెమ్మదిగా కలిపి, రోజుల తరబడి నాననిచ్చేవారు. ఆఖరి పరీక్షనాటికి మాకు మిగిలింది ఒక్క సీసా.

నా పరిశోధనను పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన, అద్దంలాంటి అక్రిలిక్ కాలువలో ద్రవం దారి కనబడేలా వదిలిన నీలిరంగు గీత సుడి తిరగడం చూసి పెదవి విరిచారు. "ఇది మీ పంపు కుదుపమ్మా. ద్రవం గొప్పేం కాదు. స్పీడు పెంచండి, చూద్దాం."

పెంచాను. ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. కాలువ అతుకు దగ్గర తడి మెరిసింది. అది పగిలితే ద్రవం నేలపాలు, నా ఇన్నేళ్ల చదువూ దానితోనే. నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంకా పెంచండి."

"ఒక్క నిమిషమండీ" అంటూ మేడమ్ పంపు కట్టేశారు.

ఆయన మొహం చిట్లించారు. "భయపడ్డారా?"

"భయమేనండీ. కానీ ఇప్పుడు పంపు కుదుపు లేదు కదండీ. గీత చూడండి."

ఇరుకులోకి దూసుకుపోతున్న నీలిగీత ఆగి, ఒక్క ఉదుటున వెనక్కి జరిగింది. ఆయన కళ్లజోడు సర్దుకుని కాలువ మీదికి వంగారు. తర్వాత తల ఎత్తి నాతో, "ఉత్త నీళ్లయితే ఇలా వెనక్కి రావమ్మా" అన్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ ల్యాబ్‌లో నేనే పాఠం చెబుతున్నాను. పిల్లలు సుడి కనబడలేదని కంగారుపడి పంపు పెంచబోతే నా చెయ్యి ముందే స్విచ్ మీదికి వెళుతుంది. పంపు చప్పుడు ఆగాక, ఆ గీత వెనక్కి కదిలేదాకా, ఆవిడ పక్కన నిలబడ్డట్టే ఊపిరి బిగబట్టి నిలబడతాను.