వీధికంతా ఒకే కార్డు

సర్కారువారి లెక్క ప్రకారం పుదుచ్చేరి పక్కన మూలకుళంలో ఒక పెద్ద కాంట్రాక్టరు ఉన్నాడు. గోడలకు రంగులు వేస్తాడు, టైల్సు పరుస్తాడు, పైపులు బిగిస్తాడు, ఒకే వారంలో మూడంతస్తుల మీద మూడు రకాల పనులు చేస్తాడు. ఈ మహానుభావుణ్ణి దర్శించదలచినవారు పొద్దున్నే టీ బంకు దగ్గరికి వెళితే చాలు. రంగు మరకల లుంగీతో, చెవి వెనక బీడీతో, టీ చల్లారేదాకా ఊదుతూ నిలబడి ఉంటాడు. పేరు కె. ఇరుసప్పన్. పెయింటరు. ఆయన ఆస్తిపాస్తులు: ఒక నిచ్చెన, కొన్ని బ్రష్షులు, ఒక పాత మోపెడ్, ఒక పాన్ కార్డు.

మొదటి మూడింటివల్ల ఆయనకు ఏ కీడూ జరగలేదు.

పాన్ కార్డు మోపెడ్‌తో వచ్చింది. కార్డు లేకపోతే బండికి అప్పు పుట్టదన్నారు కాబట్టి తీసుకున్నాడు. వీధిలో మిగతావాళ్ళెవరూ దాని జోలికి పోలేదు. అది ఉంటే సర్కారు కంట పడతామనీ, కంట పడితే ఎర్ర రేషన్ కార్డు ఊడుతుందనీ వాళ్ళ గట్టి నమ్మకం. పుదుచ్చేరిలో మనుషులు రెండు జాతులు. ఎర్ర కార్డువాళ్ళు బీదలు, పసుపు కార్డువాళ్ళు కారు. ఎర్ర జాతిలో పుట్టినవాడు బియ్యానికీ, మందులకూ, పిల్లల చదువుకూ ఆ జాతిలోనే ఉండిపోవాలని కోరుకుంటాడు.

ఆ వీధికి ఒక పాత ఆచారం ఉంది. ఒకరింట్లో ఉన్న పెద్ద వస్తువు అందరిదీ. ఒకరి అండాలో అందరి పెళ్ళిళ్ళ సాంబారూ ఉడుకుతుంది. ఇరుసప్పన్ నిచ్చెన అందరి గోడలకూ ఆనుతుంది. అడిగినప్పుడు లేదనడం మర్యాద కాదు, బాడుగ అడగడం అంతకంటే తప్పు. పాన్ కార్డు కూడా కాలక్రమంలో ఈ గౌరవాన్ని పొందింది.

అది ఇలా జరిగింది. ఇరుసప్పన్ రంగులు వేసే ఫ్లాట్ల కంపెనీలోనే ఇళవరసన్ టైల్సు పరిచేవాడు, వెట్రివేల్ పైపుల పని చూసేవాడు. ఇద్దరూ ఆ వీధివాళ్ళే. మొదటి బిల్లు రోజున ఆఫీసులో లెక్కలు చూసే ప్రీతి అనే అమ్మాయి వాళ్ళకు ధర్మం బోధించింది.

"పాన్ నంబర్ లేకుంటే నూటికి ఇరవై టాక్స్ కట్ అయిపోతాది అన్నా. ఉంటే ఒక్కటే. నేను చేసేది కాదు, సిస్టం చేస్తాది."

"ఇరవైయా?" అన్నాడు ఇళవరసన్. "నేను పరిచిన టైల్సులో అయిదింటికి ఒకటి సర్కారుదా? అది ఎప్పుడు వొచ్చి నా పక్కన కూసొని పరిచింది?"

"ఎవురి దగ్గరైనా కార్డుంటే వాళ్ళ పేరుతో బిల్ పెట్టుకోండి. మాకు కావాల్సింది నంబరు."

ఆ సాయంత్రమే ఇళవరసన్ ఇరుసప్పన్ ఇంటి ముందు నిలబడ్డాడు.

"మామా, కార్డు రోంత ఇస్తావా? బిల్లుకి."

"తీసుకో పోరా. మడత మాత్రం పెట్టొద్దు."

తరవాత వెట్రివేల్ వచ్చాడు. బిల్లుల మీద "కె. ఇరుసప్పన్, కాంట్రాక్టరు" అని టైపు చేసి ఉండేది, ఆయన కింద సంతకం పెట్టేవాడు. డబ్బు ఆయన ఖాతాలో పడేది. ఆయన బ్యాంకులో వరసలో నిలబడి తీసి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టేవాడు. అందులోంచి ఒక టీ కూడా తాగలేదు. వీధి ఆయన్ని "కాంట్రాక్టర్ మామా" అని పిలవసాగింది. ఆయనకు ముట్టిన కమీషను అదే. దాన్ని ఆయన కొంచెం ఎక్కువగానే అనుభవించాడని ఒప్పుకోవాలి. సంతకం చేసే పెన్నును విడిగా జేబులో పెట్టుకునేవాడు.

కంపెనీ మాత్రం తన విధి తప్పలేదు. ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఎంత పన్ను పట్టుకుందీ మూడు నెలలకోసారి సర్కారుకు నివేదించింది. మూడిళ్ళ కూలి, వాళ్ళ కింది మనుషుల కూలి, అంతా ఒకే నంబరు కింద చేరింది. చివరికి పన్ను శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇరుసప్పన్ కూతురు తమిళ్‌సెల్వి నర్సింగు రెండో ఏడులోకి అడుగుపెట్టబోతున్న పిల్ల. ఆమె చదివి చెప్పింది.

"నాయనా, ఒక ఏడాదిలో నీకు ముప్పై ఎనిమిది లక్షలు వొచ్చిందంట. రిటర్ను ఎందుకు వేయలేదని అడుగుతా ఉండారు."

ఇరుసప్పన్ భార్య కన్నియమ్మాళ్ కూర తరిగే కత్తి పక్కన పెట్టింది. "యాడ దాచినావు? నిజం చెప్పు. నేను కోపం పడను."

మరునాడు ఇరుసప్పన్ ఊళ్ళో ఆడిటర్ అనంతరామన్ గారి దగ్గరికి వెళ్ళాడు. అనంతరామన్‌ది విల్లియనూరులో తరతరాల భూస్వాముల ఇల్లు. ఇరుసప్పన్ వీధిలో లాగే ఆయనింట్లోనూ తెలుగే. కాకపోతే ఆ తెలుగుకు పొలాలున్నాయి.

"ఇదంతా నీ పనేనా ఇరుసప్పా?"

"పెయింటు మట్టుకు నాది సార్. టైల్సు ఇళవరసన్‌ది, పైపులు వెట్రివేల్‌ది."

"మరి నీ నంబరు మీద ఎందుకుంది?"

"అడిగినారు సార్."

అనంతరామన్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. ఆయన చదువుకున్న చట్టంలో ఈ కారణానికి సెక్షను లేదు. చివరికి దారులు చెప్పాడు. ఆ ఇద్దరూ తమ పని తమదేనని రాసి సంతకం చేసి, సొంతంగా పాన్ తీసుకుంటే, కంపెనీ తన నివేదికను సరిదిద్దవచ్చు. లేదంటే మొత్తం ఇరుసప్పన్‌దేనని రిటర్ను వేయాలి.

"అట్లా వేస్తే పన్ను పైసా పడదు. పట్టుకున్న ఒక పర్సెంటూ తిరిగొస్తుంది. కానీ లాభమని ఒక అంకె చూపించాలి కదా. ఆ అంకె నీ ఎర్ర కార్డుకు ఎక్కువ."

ఇరుసప్పన్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. తమిళ్‌సెల్వి కాలేజీలో ఎర్ర కార్డు ఇళ్ళ పిల్లలకు ఫీజులో ముప్పావు వంతు మాఫీ. ప్రతి ఏడూ కార్డు చూపించాలి. ఈ ఏటి గడువు నెలాఖరు.

ముందు ఇళవరసన్ ఇంటికి వెళ్ళాడు. ఇళవరసన్ కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు, కంట నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. "నువ్వు నాకు దేవుడు మామా. కానీ నా పేరు రాసిస్తే నా ఎర్ర కార్డు పోతాది కదా? అమ్మ మాత్రలన్నీ దాని మీదనే." దేవుడు కాఫీ తాగి వచ్చేశాడు.

వెట్రివేల్ కుర్చీ వేయలేదు. "బిల్లులో సంతకం ఎవురిది? నీది. డబ్బు యాడ పడింది? నీ ఖాతాలో. నన్ను ఏంది అడిగేది? నేనేమన్నా కాంట్రాక్టరా?"

ఆ మాట ఇరుసప్పన్‌కు తగలవలసిన చోటే తగిలింది.

మళ్ళీ ఆడిటరు దగ్గరికి వెళితే, వాళ్ళు సంతకాలు చేయకపోయినా ఇరుసప్పన్ వాళ్ళ పేర్లు రాసిస్తే చాలు, శాఖవాళ్ళే పిలిచి అడుగుతారన్నాడు. ఇది విని కన్నియమ్మాళ్ చెప్పులు తొడుక్కుంది.

"లే. పోదాం. ఇద్దరి పేర్లూ చెప్పేద్దాం."

"కార్డు ఇచ్చేటప్పుడు నన్ను ఎవురూ బలవంతం చేయలే. ఇప్పుడు పోయి వాళ్ళ ఇళ్ళల్లో కార్డు తీసేసేదానికి నాకు చెయ్యి రాదు."

"మనింట్లో తీసేసేదానికి మాత్రం బాగా వస్తాది."

ఆమె చెప్పులు విప్పింది. ఆయన వెళ్ళి, టైల్సూ పైపులూ రంగులూ సమస్తం తనవేనని సంతకం పెట్టాడు. కొద్ది రోజుల్లో ఆ ఇల్లు పసుపు జాతిలో చేరింది. కాలేజీ మాఫీని ఎత్తేసింది. కట్టవలసిన ఫీజుకు ఒకే ఆధారం మిగిలింది. తిరిగొచ్చే ఒక పర్సెంటు, అంటే ముప్పై ఎనిమిది వేలు. మొదటి విడత దాంతో గడుస్తుంది, తరవాతిది తరవాత చూద్దామని ముగ్గురూ అనుకున్నారు. కాలేజీ గుమాస్తా ఒక నెల గడువు కూడా ఇచ్చాడు.

డబ్బు ఖాతాలో పడిన సంగతి బ్యాంకు వరసలో నిలబడ్డ ఎవరో చూసి వీధికి చెప్పారు. ఆ సాయంత్రమే ఇళవరసన్, వెట్రివేల్ కలిసి వచ్చారు. అరటిపళ్ళు కూడా తెచ్చారు.

"రీఫండ్ వొచ్చిందంట కదా మామా," అన్నాడు ఇళవరసన్ పళ్ళు అరుగు మీద పెడుతూ.

"వొచ్చింది."

"అది మా బిల్లుల్లో పట్టుకున్నదే కదా," అన్నాడు వెట్రివేల్. "నీది నువ్వు తీసుకో. మాది మాకు ఇచ్చేయి. మా కష్టం అది."

కన్నియమ్మాళ్ లోపలినుంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి పళ్ళ పక్కన పెట్టింది. "కష్టం మీదేనా? మంచిది తమ్ముడూ. ఆ మాటే ఈడ రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే ఇస్తాం."

కాగితాన్ని ఎవరూ ముట్టలేదు. వెట్రివేల్ దాన్ని పాము పిల్లను చూసినట్టు చూశాడు. ఇళవరసన్ పళ్ళు మళ్ళీ తీసుకోవాలా వద్దా అని కొంచెంసేపు తటపటాయించి, వదిలేసి వెళ్ళాడు. కన్నియమ్మాళ్ చాలా రోజుల తరవాత నవ్వింది.

మరునాడు ఇరుసప్పన్ బ్యాంకుకు వెళ్ళాడు. కాలేజీకి కట్టి వస్తానని చెప్పి వెళ్ళాడు. రెండు భాగాలు తీసి, ఇళవరసన్‌ది ఇళవరసన్‌కు, వెట్రివేల్‌ది వెట్రివేల్‌కు ఇచ్చేశాడు. వెట్రివేల్ లెక్కపెట్టుకుని, "నువ్వు పెద్దమనిషివి మామా" అన్నాడు. మిగిలిన తన భాగం పట్టుకుని కాలేజీకి వెళితే గుమాస్తా పసుపు కార్డు నకలు చూసి, కాంట్రాక్టర్లకు కూడా ఇంకా వాయిదాలేమిటి సార్, మొత్తం ఒకేసారి కట్టండి అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాడు. కన్నియమ్మాళ్ వెళ్ళి కూర తరగడానికి కూర్చుంది. తమిళ్‌సెల్వి ఒక్కటే అడిగింది.

"ఆ డబ్బు వాళ్ళదేనా?"

"వాళ్ళదే. వాళ్ళ బిల్లుల్లో పట్టుకున్నారు కదా."

"మరి ఆ ముప్పై ఎనిమిది లక్షలు ఎవురివి?"

గడువు దాటింది, చదువు ఆగింది. తమిళ్‌సెల్వి ఇప్పుడు కదిర్కామంలో ఒక మందుల అంగట్లో బిల్లులు వేస్తుంది. జీతంలో సగం తల్లికిస్తుంది. తండ్రికి పొద్దున్నే టీ పెట్టి ఇస్తుంది, మోపెడ్ తాళం కనబడకపోతే వెతికి ఇస్తుంది, అడిగినదానికి బదులు చెబుతుంది. నాయనా అని మాత్రం పిలవడం లేదు.