శ్రావణి మీద కబుర్ల కంప్లైంట్

రొంపిచెర్ల దగ్గర ఓ బడిలో నాలుగో తరగతికి నేను టీచర్‌ని. మా క్లాసులో శ్రావణికి పుట్టుకతోనే వినపడదు. చేరిన కొత్తలో ఎవరితోనూ కలవక ఒక్కతే కూర్చునేది.

ఈ రోజు బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక చడీచప్పుడు లేదు. ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోతూ తిరిగి చూశాను. అందరూ శ్రావణి నేర్పిన సైగలతో తెగ కబుర్లాడేసుకుంటున్నారు! అందరికంటే ఎక్కువగా శ్రావణే!

సాయంత్రం వాళ్ళమ్మ రాగానే, "మీ అమ్మాయి క్లాసులో ఒకటే కబుర్లమ్మా!" అన్నాను.

"ఏందీ, మా పిల్లా? కబుర్లా?" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని, గబగబా భర్తకు ఫోన్ కలిపింది. "మేడం, ఆ కంప్లైంటేందో ఈయనక్కూడా చెప్పండి!"

ఆనందంగా చెప్పాను. కానీ రేపటి నుంచి "నోళ్ళు మూయండి" అంటే సరిపోదు. మరేమనాలో కాస్త మీరే చెప్పండి!