ఈతకొలను దగ్గర తప్పిన లెక్క

ఈతపోటీల్లో టైము చూపే ప్రోగ్రాము రాసింది ఆవిడే కాబట్టి, కొలను దగ్గర అందరూ ఆవిడను టిక్‌టిక్ అక్క అనేవారు. పిలిస్తే నవ్వుతూ పలికేది.

ప్రోగ్రాములో కిటుకు చిన్నదే. కంప్యూటర్లో ప్రాసెసర్ సెకనుకు ఇన్ని కోట్లసార్లని కొట్టుకుంటుంది. ఈల వేసినప్పటి నుంచి గోడ తాకేదాకా ఆ దెబ్బలు లెక్కపెట్టి, ఆ వేగంతో భాగిస్తే టైము వచ్చేస్తుంది. పదకొండేళ్లు పొల్లుపోలేదు. పాత కంప్యూటర్ మూలన పడ్డాక, కొత్తదాంట్లోనూ అదే ప్రోగ్రాము ఎక్కించి, రెండుసార్లు ఆడించి చూసి, "భేషుగ్గా ఉంది" అంది. కొత్త ప్రాసెసర్‌తో వచ్చిన పుస్తకం విప్పనైనా లేదు.

ఆ వేసవి పోటీల్లో పంపు ఆపరేటర్ కూతురు అందరికంటే ముందు గోడ తాకింది. శిక్షణ శిబిరానికి ఎంపిక కావాలంటే నిమిషం ఆరు సెకన్లలోపు రావాలి. వయసును బట్టి ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం. బోర్డు మీద నిమిషం ఆరు సెకన్లు దాటి, సెకనులో ఇంకో ఐదు నూరో వంతులు కనిపించాయి.

కోచ్ మాస్టారు స్టాప్‌వాచ్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నా దాంట్లో లోపలే వచ్చింది. ఒక్కసారి చూడమ్మా."

"మీ బొటనవేలు తొందరపడి ఉంటుంది మాస్టారూ! మిషన్‌కి మనవాళ్లూ పరాయివాళ్లూ ఉండరు కదా."

అందరూ నవ్వారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆవిడ అక్కడితో తేల్చేసింది. ఆ పిల్ల తువ్వాలు కప్పుకుని వెళ్లిపోయింది.

నాలుగు నెలల తర్వాత, గోడకు పెట్టిన కొత్త గడియారంతో సరిచూస్తుంటే తేడా బయటపడింది. అప్పుడు పుస్తకం విప్పింది. కొత్త ప్రాసెసర్ కరెంటు ఆదా చేయడానికి పని లేనప్పుడు నెమ్మదిస్తుంది, పని పడితే వేగం పెంచుతుంది. పొద్దున తీరిగ్గా ఉన్నప్పటి వేగాన్నే ప్రోగ్రాము రోజంతా నమ్మింది. మధ్యలో కాసేపు వేగం పెరిగితే దెబ్బలు ఎక్కువై, టైము సాగింది. అందరికీ సాగింది గనుక గెలుపోటములు మారలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. దెబ్బలు లెక్కపెట్టడం మాని, వేగంతో నిమిత్తం లేకుండా నడిచే సిస్టమ్ గడియారాన్ని అడిగేలా మార్చడానికి ఒక పూట పట్టింది, అంతే.

పోటీ వీడియోను బొమ్మ వెంట బొమ్మ కదిపి లెక్కపెట్టింది. పిల్ల లోపలే వచ్చింది. శిబిరానికి ఎంపిక చేసే కమిటీకి రాస్తే, శిబిరం ముగిసిందని జవాబొచ్చింది.

ఇక ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లింది. పంపు ఆపరేటర్ కుర్చీ వేశాడు. కూతురు కళ్లద్దాల దుకాణంలో పని ముగించుకుని అప్పుడే వచ్చింది. జరిగిందంతా ఆవిడ దాచకుండా చెప్పింది.

"అంటే నేను లోపలే వచ్చానా?"

"వచ్చావమ్మా. తప్పు నాది."

పిల్ల చేతిసంచీ దించింది. "మలుపు దగ్గర కాలు సరిగ్గా తన్నలేదనుకున్నానక్కా. ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను."

"మళ్లీ ఈతకు రారాదూ?"

"ఏమో. ఇప్పుడైతే రాలేను."

తండ్రి తల దించుకుని అన్నాడు: "ఆ కొలనుకు నీళ్లు పట్టేది నేనే కదమ్మా. ఇది మాత్రం అటువైపు చూడటమే మానేసింది."

ఆవిడ వీడియోలో తేలిన టైము రాసి సంతకం పెట్టిన కాగితాన్ని బల్ల మీద ఉంచి లేచింది. పిల్ల దాన్ని తీసి చదివి, మడిచి, తండ్రి చేతికిచ్చి లోపలికి వెళ్లింది.